సందేహం ముసుగులో మూఢభక్తి

తాను దేన్నీ గుడ్డిగా నమ్మనని, అన్నిటినీ ప్రశ్నిస్తానని గర్వంగా చెప్పుకునే మిత్రులు మనందరికీ ఉంటారు. వారిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ‘ఏ ఆధారం చూపిస్తే మీ అభిప్రాయం మార్చుకుంటారు?’ ఇదే ప్రశ్న మత ఛాందసుణ్ని అడిగితే కోపగించుకుంటాడు. కుట్ర సిద్ధాంతాన్ని నమ్మినవాడు జాలిగా నవ్వి, మీరింకా కళ్లు తెరవలేదంటాడు. ఇద్దరి జవాబుకూ అర్థం ఒకటే. అటువంటి ఆధారం ఈ లోకంలో ఉండడానికి వీల్లేదు.

ఈ పోలికను తాత్త్వికుడు కార్ల్ పాపర్ ఎన్నడో గుర్తించాడు. హోమర్ కాలంలో యుద్ధాలకూ విపత్తులకూ దేవతల పన్నాగాలే కారణమని నమ్మేవారు. ఆ దేవతలు నిష్క్రమించాక ఖాళీ అయిన పీఠాల మీద జనం రహస్య కూటములను కూర్చోబెట్టారని ఆయన అభిప్రాయం. పీఠం మారలేదు, పూజావిధానమూ మారలేదు. ప్రతి సంఘటన వెనుకా ఒక సర్వాంతర్యామి ఉంటాడు, కాకపోతే వాడు సైతాను. ఆధారం దొరకకపోవడమే వాడి సామర్థ్యానికి రుజువు. కాదన్నవాడు అమాయకుడో, అమ్ముడుపోయినవాడో అవుతాడు. మతంలో వాణ్నే ద్రోహి అంటారు.

‘అయితే కుట్రలు జరగవా?’ అని పాఠకులు అడగవచ్చు. నిస్సందేహంగా జరుగుతాయి. 2011లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ అబ్బొట్టాబాద్‌లో హెపటైటిస్ టీకాల పేరిట ఒక బూటకపు కార్యక్రమం నడిపింది. ఆ నిజం పాత్రికేయుల పరిశోధనలో బయటపడింది. టీకా కార్యక్రమాలను ఇకపై అటువంటి పనులకు వాడుకోబోమని 2014లో అమెరికా ప్రకటించవలసి వచ్చింది. నిజమైన కుట్రకు మనుషులు, తేదీలు, ఖర్చులు ఉంటాయి. అందుకే అది బయటపడుతుంది. కాని పాకిస్తాన్‌లో తాలిబన్ మూకలు ఆ సాకుతో పోలియో చుక్కలనే నిషేధించి, చుక్కలు వేసే మహిళలనూ వారికి కాపలాగా వెళ్లిన పోలీసులనూ కాల్చి చంపుతూ వచ్చాయి. ఒక నిజాన్ని ముడిసరుకుగా తీసుకుని ఛాందసం తయారుచేసిన అబద్ధమది. దాని మూల్యం నేటికీ అక్కడి పసిపిల్లలు చెల్లిస్తున్నారు.

మన దేశంలోనూ అదే అనుమానం పుట్టింది. పోలియో చుక్కలు పిల్లలను సంతానహీనులను చేస్తాయన్న పుకారు పశ్చిమ ఉత్తరప్రదేశ్ ముస్లిం బస్తీలలో వేళ్లూనుకుంది. దాన్ని వట్టి అజ్ఞానమని తోసిపుచ్చలేం. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు చేసిన రాజ్యమిది. వాటిలో బలవంతపువి ఎన్నో. ఆ గాయం గుర్తున్నవారు సర్కారు చుక్కను అనుమానించడంలో వింత లేదు. ఆ అనుమానాన్ని జయించినవి లాఠీలు కావు. జామియా మిలియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాల వారూ, మసీదుల ఇమాములూ గడపగడపకూ వెళ్లి నచ్చజెప్పారు. తల్లులు చూశారు, విన్నారు, నమ్మారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు నమోదయ్యాయి. 2011 జనవరిలో హౌరాలో బయటపడినదే చివరిది. కనుక మతవిశ్వాసం తనంతట తాను ప్రమాదం కాదు. ఆ ఇమాములు భక్తులే, ఆ తల్లులు సందేహించినవారే. అయినా ఎవరూ తలుపులు మూసుకోలేదు.

తలుపులు మూసుకున్న విశ్వాసం ఎలా ఉంటుందో చూడాలంటే ‘లవ్ జిహాద్’ ప్రచారాన్ని చూడండి. చట్టంలో ఆ పదానికి నిర్వచనమే లేదనీ, కేంద్ర సంస్థలేవీ అటువంటి కేసును నమోదు చేయలేదనీ 2020 ఫిబ్రవరిలో లోక్‌సభకు లిఖితపూర్వకంగా తెలిపింది నాటి కేంద్ర హోంశాఖ సహాయమంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డి. చెప్పింది ప్రతిపక్షం కాదు, సాక్షాత్తూ భాజపా ప్రభుత్వం. అదే ఏడాది నవంబరులో అదే పార్టీ పాలిస్తున్న ఉత్తరప్రదేశ్ మతమార్పిడులపై ఆర్డినెన్స్ తెచ్చింది. ‘లవ్ జిహాద్’ను అణచివేస్తామని ముఖ్యమంత్రి సభల్లో గర్జించిన తరువాతే అది వచ్చింది. తమ ప్రభుత్వ వాంగ్మూలం కూడా భక్తులను కదిలించలేదు. ఆధారం లేదంటే అది అంత లోతైన పన్నాగమన్నమాట! ఈ తర్కానికి బలైనది ఇష్టపడి పెళ్లాడిన యువతీయువకుల స్వేచ్ఛ.

ఇక మనవైపు తిరిగి చూసుకుందాం. ఓట్ల యంత్రాలను 2009 ఓటమి తరువాత శంకించింది అద్వానీ. ఆ మరుసటి ఏడాది దానిపై పుస్తకమే రాసింది జీవీఎల్ నరసింహారావు. 2014 తరువాత ఆ శంక పార్టీ మారింది. 2019లో యంత్రాలను తప్పుబట్టింది చంద్రబాబు. 151 స్థానాలు గెలిచిన జగన్‌కు అప్పుడు వాటిలో ఏ దోషమూ కనిపించలేదు. 2024లో 11 స్థానాలకు పడిపోయాక ఆయనకు బ్యాలెట్ పత్రాలు గుర్తొచ్చాయి. ఈ ఇద్దరి పేర్లనూ ప్రస్తావించి, గెలిచినప్పుడు ఈ అనుమానం ఎందుకు రాదని ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనమే ప్రశ్నించింది. ప్రజాస్వామ్యవాదులమని చెప్పుకునే మనలో చాలామందికీ ఈ జబ్బు సోకింది. ఎన్నికల సంఘాన్ని నిలదీయడం పౌరధర్మం. ఓటరుకు కాగితపు రుజువు కావాలని కొందరు పట్టుబట్టారు కాబట్టే 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో వీవీప్యాట్ వచ్చింది. అది పరీక్షకు నిలబడే సందేహం. ఆ చీటీలు లెక్కతో సరిపోలినా ‘చీటీలూ బూటకమే’ అంటే అది సందేహం కాదు, శరణాగతి. పైగా పాలకులకు అంతకు మించిన వరం లేదు. అబద్ధపు తోడేళ్ల కేకల్లో అసలు తోడేలు సులువుగా తప్పించుకుంటుంది.

మన దర్శనకారులు తమ సిద్ధాంతం చెప్పే ముందు ప్రత్యర్థి వాదాన్ని పూర్వపక్షంగా నిలబెట్టేవారు, అదీ అతడు ఒప్పుకునేంత బలంగా. పూర్వపక్షాన్ని వదిలేసిన మతం ఛాందసమవుతుంది. వదిలేసిన రాజకీయం కుట్రల పురాణమవుతుంది. ఇకపై మీకు ఏదైనా ‘దాచిన నిజం’ చేరినప్పుడు, దాన్ని మరొకరికి పంపే ముందు మొదటి ప్రశ్నను మీకు మీరే వేసుకోండి. ఏది చూపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటాను? జవాబు దొరక్కపోతే మీ చేతిలో ఉన్నది వార్త కాదు, ప్రసాదం. దాన్ని పంచిపెట్టే హక్కు మీకు లేదు.