త్రాసుకు భద్రత ఏది?

2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సీదీ బూజిద్ పట్టణంలో తోపుడుబండిపై పండ్లు అమ్ముకునే 26 ఏళ్ల ముహమ్మద్ బూఅజీజీ సరుకునూ త్రాసునూ అధికారులు జప్తు చేశారు. ఫిర్యాదు చేయబోతే గవర్నర్ కార్యాలయంలో వినే నాథుడు లేడు. ఆ భవనం ఎదుటే ఆయన ఒంటికి నిప్పంటించుకున్నాడు. జనవరి 4న కన్నుమూశాడు. మరో పది రోజులకు, 23 ఏళ్లు ఏలిన బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

ఈ ఉదంతాన్ని లోకం నియంతృత్వంపై తిరుగుబాటుగా చూసింది. ఇది వ్యాపార హక్కుకు సంబంధించిన సమస్య కూడా అని మేము భావిస్తున్నాము. అంతర్జాతీయ ద్రవ్య సంస్థలు ట్యునీషియాను ఆదర్శ దేశంగా కొనియాడిన రోజులవి. అయితే పాలక కుటుంబంతో సంబంధమున్న 220 కంపెనీలు ప్రైవేటు రంగ లాభాలలో 21 శాతాన్ని చేజిక్కించుకున్నాయని 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులే తేల్చారు. టెలికాం, రవాణా వంటి లాభసాటి రంగాలలో ప్రవేశానికి సర్కారు అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి అయినవారికి కోటగోడ, కానివారికి అడ్డుగోడ అయింది.

కనుక బలహీన ఆర్థిక వ్యవస్థలకు ‘నిబంధనలు సడలించండి’ అన్న సలహా ఒక్కటే చాలదు. నిబంధన అందరికీ ఒకేలా వర్తిస్తున్నదా అన్నదే అసలు ప్రశ్న. విప్లవానంతరం 2018లో ట్యునీషియా స్టార్టప్‌ల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. అది మెచ్చదగినదే. కానీ సాంకేతిక విద్య చదివిన యువకునికి తెరుచుకున్న తలుపు తోపుడుబండి వానికీ తెరుచుకోవాలి కదా!

మేము కోరేది గొంతెమ్మ కోరిక కాదు. అనుమతికి నిర్ణీత గడువు, రుసుముకు రసీదు, జప్తు చేసిన సరుకుకు జాబితా, అన్యాయం జరిగితే అప్పీలు, కంపెనీల అసలు యజమానులెవరో ప్రజలకు తెలిసే ఏర్పాటు ఉండాలి. మన దేశంలో 2014 నాటి వీధి విక్రేతల చట్టం జప్తు చేసిన వస్తువుల జాబితా ఇవ్వాలనీ, పాడైపోయే సరుకును కోరిన రోజే తిరిగి అప్పగించాలనీ చెబుతున్నది. ఆ జాబితా ఎందరి చేతికి అందుతున్నదో మన బజారులలోనే విచారించి చూడవచ్చు.

పెట్టుబడిదారుల సదస్సులతో వ్యాపార వాతావరణం మెరుగుపడదు. చిరువ్యాపారి ఉదయం తెచ్చుకున్న త్రాసు సాయంత్రం తన వెంటే ఇంటికి చేరుతుందన్న భరోసా కలిగిన నాడే అది మెరుగుపడినట్లు.