పుదీనా కుండీ ప్రతి ఇంటా ఉండవలెను

పచ్చిగా తినే ఆకును అంగడిలో కొనడం నాకు సమ్మతం కాదు. మజ్జిగలోను, పచ్చడిలోను పుదీనాను పచ్చిగానే వాడుతున్నాము. ఆ కట్ట ఏ నీటితో పెరిగినదో, దానిపై ఏ పురుగుమందు ఎన్నడు చల్లినారో అమ్మేవారికే తెలియదు.

కొన్న కట్టలోనే నాలుగు ముదురు కాడలు ఏరి, క్రింది ఆకులు తుంచి, గ్లాసెడు నీటిలో ఉంచిన వారం పది రోజులలో వేళ్లు వచ్చును. వెడల్పాటి కుండీలో నాటవలెను. నేలలో నాటినచో పిలకలతో మడి అంతయు ప్రాకి తోటి మొక్కలను అణచివేయును. ఇంతటి మొండి మొక్కను పెంచలేమనుట వట్టి సాకు! వేసవిలో మధ్యాహ్నపు నీడ, అడుగున నీరు నిలువని మట్టి చాలును. పూత రాకమునుపే కొసలు కోయుచుండవలెను.

మొక్కను కొని తెచ్చేవారు ముందుగా ఒక ఆకు నమిలి చూడవలెను. నాలుక చల్లగా చురుక్కుమన్నచో అది మెంథాల్ అధికంగా గల జాతి. ఉత్తరప్రదేశ్ రైతులు నూనె కొరకు పండించునది అడవి పుదీనాలోని అట్టి రకమే. వంటకు ఘాటు తక్కువగా గల పుదీనాయే మేలు.

భోజనానంతరం కడుపు ఉబ్బరించినప్పుడు ఐదారు ఆకుల కషాయం హితవు. అయితే గుండెలో మంట, పుల్లని త్రేన్పులు గలవారికి సైతం దీనినే సూచించేవారితో నేను ఏకీభవించను. పుదీనా వలన అన్నవాహిక అడుగున గల కండరం సడలి, ఆమ్లం పైకి ఎగదన్నవచ్చును.

ఇక పిప్పరమెంటు పువ్వును, ఘాటైన తైలాలను పసిబిడ్డల ముక్కు వద్ద పూయుట బొత్తిగా కూడదు. శ్వాస స్తంభించే ప్రమాదము గలదు.