ఐదువందల మైళ్ళు

నెలలో ఒక ఆదివారం సాయంత్రం తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిత్రుడి మిద్దె మీద ఏడెనిమిది మందిమి చేరతాం. ఈ చేరికకు పేరు లేదు. అధ్యక్షుడు లేడు. చందా అసలే లేదు. వంతు వచ్చినవాళ్ళు ఒక పుస్తకం గురించి చెప్పాలి, మిగిలినవాళ్ళు మధ్యలో అడ్డు తగలాలి. రూలు అంతే. ఎదురుగా కొండ. చీకటి పడేకొద్దీ నడకదారి దీపాలు కనబడతాయి. పుస్తకం చప్పగా ఉంటే అటు చూస్తూ అలసంద వడలు తింటూ కూర్చోవచ్చు.

మొన్నటి వంతు ఇంగ్లీషు లెక్చరరుగారిది. సంచిలోంచి ఇటుకరాయంత పుస్తకం తీశారు. ‘బార్న్ టు రన్’. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆత్మకథ. 2016లో వచ్చింది. ఐదువందల పేజీల పైమాటే.

"రాక్ అంటే ఆ గిటార్లు పగలగొట్టే బాపతేనామ్మా?" అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు పెద్దాయన. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఒక్క నెల మానడు. మా అందరికంటే శ్రద్ధగా వినేది ఆయనే.

"పగలగొట్టేవాళ్ళు వేరే ఉన్నారన్నా. ఈయన గిటారు కోసం వాళ్ళమ్మ అప్పు చేసింది. ఎట్లా పగలగొడతాడు?" అన్నారావిడ.

స్ప్రింగ్‌స్టీన్ 1949లో పుట్టాడు. న్యూజెర్సీలో ఫ్రీహోల్డ్ అనే చిన్న ఊరు. తండ్రి ఫోర్డు కంపెనీలో చేశాడు, తివాచీల మిల్లులో చేశాడు, జైలు కాపలా కాశాడు, బస్సు నడిపాడు. బస్సు అనగానే పెద్దాయన కుర్చీ కొంచెం ముందుకు జరిగింది. ఏ పనిలోనూ నిలకడ లేదు. రాత్రయితే వంటింట్లో దీపం ఆర్పేసి, బీరు, సిగరెట్లు దగ్గర పెట్టుకుని చీకట్లో కూర్చునేవాడు. కొడుకు ఇంట్లోకి రావాలంటే ఆ చీకటిని దాటుకునే రావాలి.

పదిహేడో ఏట కొడుకు మోటారుసైకిలు ప్రమాదంలో దెబ్బలు తిని మంచాన పడ్డాడు. కదల్లేని అదను చూసి తండ్రి మంగలిని ఇంటికి పిలిపించి, ఆ పొడుగు జుట్టు కత్తిరించేశాడు.

"మన ఊళ్ళో అయితే కల్యాణకట్టకే తోలుకోని పోయుండు. పుణ్యమన్నా వొచ్చుండు" అన్నాడు మందుల షాపాయన. అందరం నవ్వాం. నువ్వంటే నాకు అసహ్యమని ఆ రోజు కొడుకు తండ్రి మొహానే అన్నాడని లెక్చరరుగారు చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

తర్వాత వియత్నాం యుద్ధం. సైన్యం నుంచి పిలుపొచ్చింది. ఆ ప్రమాదంలో తలకు తగిలిన దెబ్బ వల్లే వైద్యపరీక్షలో తప్పించేశారు. సైన్యంలో పడితేగానీ బాగుపడవని తిట్టే తండ్రికి ఈ సంగతి ఎట్లా చెప్పాలా అనుకుంటూ ఇంటికొచ్చాడు. తండ్రి మంచిదే అయిందన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఇక్కడ మాలో చిన్న గొడవ మొదలైంది. కార్మికుల కష్టం పాడి కోట్లు గడించిన ఈ మనిషి ఏనాడైనా ఫ్యాక్టరీలో పనిచేశాడా అని ఒకాయన పట్టుకున్నాడు. చెయ్యలేదు. ఆ సంగతి ఆయనే 2017లో బ్రాడ్వే వేదిక మీద జనంతో చెప్పుకుని నవ్వుకున్నాడు. పుస్తకం ముందుమాటలోనే తనలో కొంత మోసం ఉందని ఒప్పేసుకున్నాడు కూడా. పాటలన్నీ తండ్రి చొక్కా తొడుక్కుని పాడినవే అన్నమాట.

"మన చిత్తూరు నాగయ్యేం పోతనా?" అన్నాడు ఇంటాయన. నిజమే. ముందు పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన. జనం ఆయన్నే మహాత్ముడనుకున్నారు. నాగయ్య ఆ వేషాల్లోని దాతృత్వాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. లక్షలు గడించి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసి, చివరి రోజుల్లో ఇబ్బంది పడి 1973లో పోయాడు. వేషం అబద్ధమా, మనిషి అబద్ధమా అని వాదించుకుంటుంటే కాఫీలు చల్లారిపోయాయి.

రికార్డు కంపెనీల సంగతులు, కచేరీల సంగతులు లెక్చరరుగారు గబగబా దాటించేశారు. మంచిపనే చేశారు. నాకైతే ఆ పుస్తకంలో అసలు సంగతి చివర్లో ఉందనిపించింది. అరవై దాటాక ఈ మహాగాయకుణ్ణి డిప్రెషన్ కుదేలు చేసింది. ఏడుపు ఆగేది కాదట. మందులు వాడానని దాపరికం లేకుండా రాశాడు. తండ్రి మౌనానికి కూడా పేరు దొరికింది. ఆయనకు మానసిక జబ్బు ఉందని ఎప్పుడో ముసలితనంలో డాక్టర్లు తేల్చారు.

"నా షాపుకొస్తారు" అన్నాడు మందులాయన, నవ్వకుండా. "చీటీ నాలుగు మడతలు పెట్టి ఇస్తారు. ఎవురికిన్నా అంటే మా బామ్మర్దికి అంటారు. ఆ బామ్మర్ది ఎవురో నాకు తెలవదా?"

మన పుస్తకాల్లో అమ్మలు బాగానే ఉన్నారు, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చదివినవాళ్ళెవరూ ఆ అమ్మను మర్చిపోలేరు, మరి నాయన ఏడీ అని ఎవరో అన్నారు. జవాబు ఎవరూ చెప్పలేదు. మనం నాయనకు దండం పెడతాం, పోయాక ఫొటోకు దండ వేస్తాం. ఆయనతో కూర్చుని మాట్లాడిన సాయంత్రాలు లెక్కబెట్టమంటే నాకు ఒక చెయ్యి చాలు.

లెక్చరరుగారు అప్పుడు ఒక పేజీ తీసి తెలుగులో చెప్పారు. 1990. కొడుక్కి మొదటి బిడ్డ పుట్టబోతోంది. ఉంటున్నది లాస్‌ఏంజిల్స్‌లో. తండ్రి చెప్పాపెట్టకుండా ఐదువందల మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చి తలుపు తట్టాడు. మన తిరుపతి నుంచి హైదరాబాదు కన్నా దూరం. పొద్దున్నే ఇద్దరూ బీరు తాగుతూ కూర్చున్నారు. నువ్వు మమ్మల్ని బాగా చూసుకున్నావు, నేనే నిన్ను సరిగా చూసుకోలేదు అని అర్థం వచ్చేట్టు తండ్రి అన్నాడు. నీకు చేతనైంది నువ్వు చేశావులే అన్నాడు కొడుకు.

మిద్దె మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"మావోడు మద్రాసులో ఉండాడు" అన్నాడు డ్రైవరు పెద్దాయన. మాకు ఆ సంగతే తెలియదు. "నాలుగేండ్లయింది మాటల్లేక. ఏందో అన్న్యా, వాడూ ఏందో అన్న్యాడు. పుత్తూరు, నగరి మీద ఆ రోడ్డులోనే ముప్పై ఏండ్లు బండి తోలినా. కండ్లు మూసుకోని పోగలను. మూడున్నర గంట దారి."

ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. ఫోన్ చెయ్యండి అని మాలో ఒకరు సలహా ఇవ్వబోయారు, లెక్చరరుగారు కళ్ళతోనే వారించారు.

వచ్చే నెల పుస్తకం ఏమిటో తేల్చుకుని లేచాం. మెట్లు దిగుతుంటే పెద్దాయన ఆ ఇటుకరాయి అడిగి తీసుకున్నాడు.

"ఇంగ్లీషు కదన్నా" అన్నారావిడ.

"ఆ పేజీ యాడుందో గుర్తు పెట్టీమ్మా. మావోడు సదువుతాడు."

ఆవిడ పర్సు వెదికి పాత బస్సు టికెట్టొకటి తీసి ఆ పేజీలో పెట్టి ఇచ్చారు.