ఆస్పత్రిలో అంటుకునే ఆయాసం

ప్రశ్న: మా బాబుకు నాలుగు నెలలు. విరేచనాలవుతుంటే ఆస్పత్రిలో చేర్పించాం. మూడు రోజులకు కట్టాయి. ఐదోనాడు జలుబు, దగ్గు మొదలై ఆయాసంలోకి దిగింది. ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు తేరుకుని ఇంట్లో ఉన్నాడు. నేను పెరుగన్నం తిని పాలివ్వడం వల్లే నెమ్ము చేసిందనీ, నా పాలు మాన్పించి డబ్బాపాలు పట్టమనీ మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, చిల్లకూరు

జవాబు: మీ పెరుగన్నానికీ బాబు ఆయాసానికీ సంబంధం లేదమ్మా. పాలు ఎట్టి పరిస్థితిలోనూ మాన్పించకండి. రోగాలను ఎదుర్కొనే శక్తి బిడ్డకు వాటి నుంచే వస్తుంది.

పసిపిల్లల్లో ఇటువంటి ఆయాసానికి ఎక్కువగా కారణం ఆర్.ఎస్.వి. అనే వైరస్. సోకిన నాలుగు నుంచి ఆరు రోజులకు సాధారణంగా బయటపడుతుంది. పరీక్ష చేయనిదే రూఢిగా చెప్పలేం గాని, మీ బాబుకు ఆస్పత్రిలోనే అంటి ఉండవచ్చు. పెద్దవాళ్ళలో చాలామందికి ఇది మామూలు పడిశం. పసివాళ్ళకు మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి, జిగురు పట్టి గాలి ఆడదు. నెలలు నిండకుండా పుట్టినవారికి మరీ ప్రమాదం.

ఇది ఎలా పాకుతుందో అమెరికాలోని రాచెస్టర్‌లో డాక్టర్ కరోలిన్ హాల్ పరిశీలించి 1981లో ప్రకటించారు. జబ్బుపడిన బిడ్డను ఎత్తుకున్న ఏడుగురు పెద్దల్లో ఐదుగురికి వైరస్ సోకింది. బిడ్డ లేనప్పుడు ఆ మంచాన్నీ వస్తువులనూ తాకి, తర్వాత తమ కళ్ళు, ముక్కు ముట్టుకున్న పదిమందిలో నలుగురికి సోకింది. ఆరడుగుల అవతల ఊరికే కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ సోకలేదు. గట్టి ఉపరితలాల మీద ఈ వైరస్ కొన్ని గంటలు బ్రతుకుతుందని కూడా తేలింది. అంటే పడిశం పట్టిన నర్సు, ఆయా, చూడవచ్చిన మేనత్త, పక్కమంచం తల్లి, ఎవరి చేతులైనా దీన్ని మోయవచ్చు.

ఇకముందు బిడ్డతో ఆస్పత్రిలో ఉండవలసివస్తే ఇవి పాటించండి:

బిడ్డను తాకేముందు మీరు, డాక్టరుతో సహా ఎవరైనా సరే, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అడగడానికి మొగమాటపడకండి. ఒకే మంచంపై ఇద్దరు పిల్లలను పడుకోబెడితే వేరే మంచం అడగండి. గిలక్కాయ, పాలగ్లాసు, తువ్వాలు పక్కవారితో పంచుకోవద్దు. పరామర్శకు వచ్చేవారిని, ముఖ్యంగా జలుబు ఉన్నవారిని, గుమ్మం దగ్గరే ఆపండి. మీకే జలుబు ఉంటే ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని పాలివ్వండి.

ఇంట్లో సాంబ్రాణి పొగ వేయవద్దు. ముక్కులో నూనె చుక్కలు పోయవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే హాని. ముక్కు బిగిస్తే డాక్టరు చెప్పిన ఉప్పునీటి చుక్కలు చాలు. యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. మీరే కొని వాడకండి.

బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా తీసి ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 50 లేదా అంతకుమించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు త్రాగలేకపోతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా ఆలస్యం చేయక గూడూరో నెల్లూరో తీసుకువెళ్ళండి. ఈ సమాధానం మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.