పానా ఎక్కి తొక్కితే భద్రమా?

కారు చక్రం మార్చడం కండ ఉన్నవాడి పని అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. జాకీ పెట్టి లేపు, నట్లు పీకు, స్టెప్నీ తగిలించు, పానా మీదికెక్కి తొక్కు, అయిపోయింది. ఎంత గట్టిగా తొక్కితే అంత భద్రం. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఆదివారం పూట టైరు మార్చే ఉద్యోగి మొదలు హైవే పక్కన బండి ఆపిన డ్రైవరు దాకా అందరిదీ ఇదే సిద్ధాంతం. పరీక్షకు పెడితే ఇందులో ఒక్క ముక్కా నిలబడదు. చక్రం మార్చడానికి కావలసింది వరుస. ఏది ముందు, ఏది తరవాత అన్నది తెలిస్తే అరవై ఏళ్ల పెద్దావిడైనా క్షేమంగా మార్చగలదు. తెలియకపోతే వస్తాదుకూ కాలు విరుగుతుంది. వాదం వినండి, తీర్పు మీరే చెప్పండి.

అసలు నట్టు చేసే పనేమిటి? ఎడ్లబండి ఇరుసుకు శీల కొట్టినట్టు, చక్రం జారిపోకుండా అడ్డుపడటమే దాని పని అని మన తొక్కుడు వర్గం నమ్మకం. కారు చక్రాన్ని నిజానికి పట్టి ఉంచేది చక్రానికీ హబ్బుకూ మధ్య ఒత్తిడి, దానివల్ల పుట్టే రాపిడి. నట్టు బిగిస్తే అది ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్, వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది కాబట్టి వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే చక్రాన్ని హబ్బుకు అదిమి పెడుతుంది. మరి హద్దు మీరి సాగదీస్తే? సాగింది సాగినట్టే ఉండిపోతుంది, పట్టు సడలుతుంది. ఏదో ఒకనాడు పుటుక్కున తెగుతుంది కూడా. బిగించిన కొద్దీ భద్రం అనేవాళ్లు దీనికేం జవాబు చెబుతారు?

లెక్క కావాలా? చాలా చిన్న కార్ల నట్లకు కంపెనీలు చెప్పే బిగింపు సుమారు 80 నుంచి 120 న్యూటన్ మీటర్లు. మీ కారుకు ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. 40 సెంటీమీటర్ల పానా చివర 25 కిలోల బరువుకు సరిపడా చేత్తో నొక్కితే దాదాపు 100 వస్తుంది. అదే 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర ఎక్కి నిలబడితే 200 దాటుతుంది. అంటే అడిగినదానికి రెట్టింపు! పైగా ఎగిరి తొక్కే మహానుభావులున్నారు. పానాకు ఇనప గొట్టం తొడిగే మేధావులున్నారు. వాళ్ల లెక్క వాళ్లే వేసుకోవాలి. సరిగ్గా బిగించాలనుకునే వాడికి టార్క్ రెంచి అనే పనిముట్టు ఉంది. పెట్టిన అంకె రాగానే టక్కుమంటుంది. అంతకన్నా తేలిక ఏముంది?

ఒకే నట్టును పూర్తిగా బిగించి పక్కదానికి పోయే అలవాటు మరో తెలివి. అలా చేస్తే చక్రం ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. ఎగుడుదిగుడు ఒత్తిడికి బ్రేకు డిస్కు వంకరపోతుంది. ఆ తరవాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతోందని రోడ్లను తిట్టుకుంటాం. నాలుగు నట్లయితే ఐమూలగా, అయిదయితే నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి, విడతలు విడతలుగా బిగించాలి. తుప్పు పడుతుందని మరలకు నూనె పూసేవారికి ఇంకో మాట. జిడ్డు వల్ల మరల్లో రాపిడి తగ్గి, అదే బిగింపుకు స్టడ్ మరింత సాగుతుంది. మేలనుకుని చేసే కీడు ఇదే.

ఇక జాకీ. బండితో వచ్చే కత్తెర జాకీ చక్రం విప్పి మరో చక్రం ఎక్కించే ఆ కాసేపటికి ఉద్దేశించినది. దాని మీద నిలిచిన కారు కిందికి చెయ్యో తలో దూర్చేవాడిని ధైర్యవంతుడందామా? కారు నిలకడగా లేచి ఉండాలంటే స్టాండులు కావాలి. అవి లేనప్పుడు తీసిన చక్రాన్నో స్టెప్నీనో అంచు కింద పడుకోబెట్టాలి. జాకీ ఒరిగితే కారు దాని మీద ఆగుతుంది. జాకీ పెట్టే చోటు కూడా మన ఇష్టం కాదు, అంచు కింద కంపెనీ గుర్తు పెట్టిన గాట్ల దగ్గరే. సెల్లార్ ర్యాంపు వాలు మీద ఎత్తకూడదు. రోహిణి కార్తె ఎండకు మెత్తబడిన తారు మీదా, వాన నానిన మట్టి మీదా మందపాటి పలక వెయ్యకుండా ఎత్తకూడదు.

‘హ్యాండ్‌బ్రేక్ వేశాం, గేర్లో పెట్టాం, ఇంకెక్కడికి పోతుంది?’ అంటారు. పోతుంది. మన చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే కాబట్టి గేరు ఆపగలిగేది ముందు చక్రాలనే. అందులో ఒకటి గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ పుణ్యాన అది ఒకవైపు తిరుగుతుండగా నేల మీది రెండోది మరోవైపు దొర్లగలదు. ఇంజను కదలక్కర్లేదు. గేరు కాపలా అక్కడితో సరి. వెనక చక్రం లేపితే, సాధారణంగా వెనక చక్రాలనే పట్టే హ్యాండ్‌బ్రేక్ కాపలాలో సగం గాల్లో ఉంటుంది. అందుకే రెండూ వేశాక కూడా, లేపే చక్రానికి ఐమూలగా ఉన్నదానికి ముందూ వెనకా గట్టి దిమ్మలు పెట్టాలి. ఇది చాదస్తమా, లెక్కా?

లేపాక పానాతో కుస్తీ పట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ప్రతి కుదుపూ జాకీని పక్కకు నెడుతుంది. చక్రం నేల మీదుండగానే నట్లను ఒక అర చుట్టు వదులు చెయ్యాలి. తరవాతే లేపాలి. కొత్త చక్రం పెట్టాక నట్టు వాలు అంచు చక్రం వైపుండేలా చూసి, వేళ్లతోనే మర ఎక్కించాలి. ఎక్కనని మొరాయిస్తే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. పానాతో బలవంతం చేస్తే మర చెడుతుంది. ఊగకుండా బిగించి, కారు దింపి, అప్పుడు చివరి బిగింపు. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి చూడాలి, ఎందుకంటే చక్రం సర్దుకుని కూర్చుంటుంది.

‘పంక్చర్ షాపులో గన్నుతో గిర్రున బిగిస్తారు కదా’ అని అడ్డు తగులుతారు. బిగిస్తారు. ఆ నట్టే అర్ధరాత్రి హైవే మీద మీ చేతి పానాకు లొంగక మొండికేస్తుంది. విప్పలేనంతగా బిగించిన నట్టుతో డిక్కీలో స్టెప్నీ ఉండి ఏం లాభం? ఇక ‘ఇన్నేళ్లుగా ఇలాగే చేశాం, ఏమీ కాలేదు’ అనేది ఆఖరి అస్త్రం. ఏమీ కాకపోవడానికి కారణం కారు తయారు చేసినవాడు మన మొరటుతనాన్ని కూడా లెక్కలో వేసుకుని లోహానికి కొంత అదనపు ఓపిక మిగల్చడం. అది వాడి ముందుచూపు. దాన్ని తమ నైపుణ్యంగా చెప్పుకునేవాడి చేతికి మీరైతే మీ కారు పానా ఇస్తారా?