కమిషనర్ గారూ, ఆ ఎండుటాకులు మాకివ్వండి

గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి,

వంటింటి చెత్తను వేరు చేయండి, వీలైతే ఇంట్లోనే ఎరువు చేసుకోండి అని మీ సంస్థ ఏళ్ళ తరబడి చెబుతోంది. 2015లో ఆకుపచ్చదొకటి, నీలందొకటి బుట్టలు కూడా పంచింది. (చాలా ఇళ్ళల్లో ఆ నీలం బుట్ట నీళ్ళు పట్టుకోవడానికి స్థిరపడిపోయింది. అది వేరే కథ.) మీ మాట విని మొదలుపెట్టినవాళ్ళం మేడల మీదా బాల్కనీల్లోనూ చాలామందిమే ఉన్నాం. మాకిక బుట్టలొద్దు, పోస్టర్లొద్దు. ఎండుటాకులు కావాలి.

ఒక మామూలు వంటింట్లో రోజూ పోగయ్యేది చూడండి: చింతపిప్పి, సొరకాయ చెక్కు, గోంగూర కాడలు, వడగట్టిన టీ పొడి, అరటి తొక్కలు, ఎండాకాలమైతే పుచ్చకాయ డిప్పలు. అందులో ముప్పాతిక పైగా నీళ్ళే. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కార్బన్ ఉంటే పని సాఫీగా సాగుతుంది. కూరగాయల చెత్తలో కార్బన్ అంత ఉండదు. ఒట్టి చెత్తే కుండలో వేసుకుంటూ పోతే అడుగున నీరు చేరి, గాలాడక, మురిగి కంపు కొడుతుంది. పక్క ఫ్లాటావిడ తలుపు తడుతుంది. మర్నాడు కుండ మెట్ల కిందకి చేరుతుంది. ఎరువు ముచ్చట చాలామందికి అక్కడితో సరి.

అదే కుండలో గుప్పెడు చెత్తకి రెండు గుప్పెళ్ళు నలిపిన ఎండుటాకు వేసి, కాస్త పుల్లమజ్జిగ చిలకరించి చూడండి. కంపు రాదు. బజార్లో అమ్మే ఎరువు తోడు పొడులు ఏవీ అక్కర్లేదు. రెండు మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా దిగుతుంది. కరివేపాకు ఈనెలు, మామిడి టెంకలు మాత్రం మొండివి. ఏరి మళ్ళీ కుండలో పడేయాల్సిందే. ఆ ఎరువు సత్తా ఏప్రిల్ ఎండల్లో తెలుస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన ఉత్త ఎర్రమట్టి ఎండకి బిగుసుకుపోయి కుండీ అంచుని వదిలేస్తుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రంలోంచి బయటికొచ్చేస్తాయి, వేరు మాత్రం తడవదు. ఎరువు కలిసిన మట్టి గుల్లగా ఉండి తడిని పట్టుకుంటుంది. వంగమొక్క మధ్యాహ్నం తల వేలాడేసినా సాయంత్రానికి లేచి నిలబడుతుంది.

పచ్చిదీ ఎండుదీ పొరలుగా పేర్చే పద్ధతిని 1920లలో ఇండోర్‌లో వ్యవసాయ పరిశోధకుడు ఆల్బర్ట్ హోవర్డ్ శాస్త్రంగా నిలబెట్టాడు. ఆయన చుట్టూ పొలాలున్నాయి, ఎండు చొప్పకి కరువు లేదు. మూడో అంతస్తులో ఉన్న మాకు ఆకెక్కడిది? అందుకే ఎక్కడినుంచో వచ్చే కొబ్బరిపొట్టు ఇటుకలు కొంటున్నాం. ఇదే ఊళ్ళో మాఘ ఫాల్గుణాలొచ్చాయంటే రావి, వేప, కానుగ, నిద్రగన్నేరు వీధుల నిండా ఆకు రాలుస్తాయి. దాన్ని పాలకవర్లతో, గుట్కా పొట్లాలతో కలిపి బండెక్కిస్తే డంప్‌యార్డు పాలు. లేదంటే మూలన పోగేసి ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. చెత్త బహిరంగంగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఇక డంప్‌యార్డు సంగతంటారా, జవహర్‌నగర్ చెత్తగుట్టల నుంచి ఊరిన మురుగు మల్కారం చెరువును ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను కొత్త పథకమేమీ అడగడం లేదు. పార్కుల, తోటల చెత్తను విడిగా సేకరించి వీలైనంత వరకు అక్కడే శుద్ధి చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్థానిక సంస్థల బాధ్యతల్లోనే రాశాయి. ప్రతి కాలనీ పార్కులో ఓ మూల నాలుగు రాటలు పాతి ఇనపవల చుట్టించండి. మాలీ ఊడ్చిన ఆకు అందులోకే పోవాలి. కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చని తెలుగులో, ఉర్దూలో ఓ బోర్డు పెట్టించండి. మిగిలింది అక్కడే మాగి ఆ పార్కు మొక్కలకే ఎరువవుతుంది. ఎవరైనా నిప్పు పెడతారని భయముంటే మొక్కలకి నీళ్ళు పట్టేటప్పుడు దాని మీదా నాలుగు చెంబులు కొట్టిస్తే సరి. దయచేసి దీనికి యాప్ మాత్రం తయారు చేయించకండి. పుణెలో ఆకులున్నవాళ్ళనీ, కావలసినవాళ్ళనీ కలపడానికి పౌరులే బ్రౌన్ లీఫ్ పేరుతో ఓ వేదిక నడుపుకుంటున్నారు. మన దగ్గర ఆ ఉత్సాహానికి కొదవ లేదు, ఆకు కుప్ప ఎక్కడుందో తెలిస్తే చాలు.

వీధుల్లో రాలే ఆకు సంగతి ఇంత తేలిక కాదు. అందులోంచి ప్లాస్టిక్ ఏరాలంటే ఊడ్చేవాళ్ళకి అదనపు పని. మా కుండీల కోసం వాళ్ళు ఊరికే నడుం వంచాలనడం అన్యాయం. దానికి వేరే కూలి కట్టాలి, చేతి తొడుగులివ్వాలి. అది కుదిరేదాకా పార్కు ఆకుతోనే సరిపెట్టుకుంటాం.

వచ్చే సంక్రాంతి వెళ్ళేసరికి ఒక్కో సర్కిల్‌కి ఒక్క పార్కులోనైనా ఆ వల కట్టించండి. గోనెసంచులు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
మేడ మీద వంగ, బెండ, గోంగూర పెంచుకునే ఓ నగరవాసి