పులిని చూశానంటే నవ్వాలా, నమ్మాలా?

చాలా ఏళ్ళ క్రితం మాట. ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుండగా వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, నిన్న సాయంత్రం మా చెరకుతోట గట్టుమీద చిరుతపులిని చూశానండీ!" అన్నాడు. మా ఊరి దగ్గరలో అడవి లేదు. "బావురుపిల్లిని చూసి ఉంటావులే, కూర్చో" అన్నాను. తరగతంతా గొల్లుమంది. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు.

"ఇక్కడ చిరుత లేదు" అనటమే శాస్త్రీయమని ఆనాడు అనుకున్నాను. కాని అలా అనటానికి నా దగ్గరున్న ఆధారం ఏమిటి? నేనెప్పుడూ చూడలేదు, అంతే! విన్నదల్లా నమ్మటం మూఢత్వమే. పరీక్షించకుండా కొట్టిపారేయటం దాని తోబుట్టువని నా అభిప్రాయం. ఇందుకు రెండు దేశాలలో జరిగిన రెండు సంగతులు చెబుతాను, వినండి.

ఇంగ్లండు నైరుతి మూలన బాడ్మిన్ మూర్ అనే బీడు ప్రాంతం ఉంది. పులివంటి నల్లని జంతువేదో అక్కడ తిరుగుతోందనీ, గొర్రెలను చంపుతోందనీ ఎందరో చెప్పారు. బ్రిటన్ అడవుల్లో చిరుతలు సహజంగా లేవు. ప్రభుత్వ వ్యవసాయ శాఖ దర్యాప్తు జరిపి, 1995లో నివేదిక ప్రకటించింది. పులి ఉందనటానికి సరైన ఆధారమేదీ దొరకలేదని అందులో రాశారు. అయితే, లేదని నిరూపించటం కూడా సాధ్యం కాదని ఒప్పుకున్నారు.

కొద్ది రోజులకే అక్కడి నదిలో ఒక కుర్రాడికి పెద్ద పుర్రె దొరికింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రజ్ఞులు పరీక్షించారు. అది నిజంగా చిరుత పుర్రే! ఇంకేం, పులి ఉన్నట్టే అనుకుంటున్నారా? తొందరపడకండి. పుర్రె వెనకభాగం కత్తితో కోసినట్టు ఉంది. తలతో సహా చిరుతచర్మాన్ని తివాచీగా తయారుచేసేటప్పుడు అలా కోస్తారు. పైగా పుర్రె లోపల బొద్దింక గుడ్ల తిత్తి ఒకటి దొరికింది. అది ఉష్ణదేశాలలో ఉండే బొద్దింకది. అంటే ఆ చిరుత చచ్చింది వేరే దేశంలో! చిన్న బొద్దింక తిత్తి అంత పెద్ద పులి కథను తేల్చేసింది.

రెండో సంగతి అమెరికాది. ప్యూమా అనే పెద్ద పిల్లిజాతి జంతువు ఒకప్పుడు ఆ దేశం తూర్పు భాగాన కూడా ఉండేది. వేటవల్ల ఫ్లోరిడాలో తప్ప అక్కడ అంతరించింది. 2011 మార్చిలో శాస్త్రజ్ఞులు ఆ మాట అధికారికంగా ప్రకటించారు. ఆ జూన్‌లోనే తూర్పు తీరాన కనెక్టికట్ రాష్ట్రంలో ప్యూమాను చూశామని కొందరన్నారు. ఎవరో పెంచుకుంటున్నది తప్పించుకుని ఉంటుందని అధికారులు భావించారు. కొన్ని రోజులకు రోడ్డుమీద కారు తగిలి ఒక మగ ప్యూమా చనిపోయింది.

దాని డి.ఎన్.ఎ. పరీక్షిస్తే, సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ ప్యూమాలతో సరిపోయింది. అంతకుముందు మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలలో సేకరించిన వెంట్రుకలు, మలం కూడా దీనివేనని తేలింది. అంటే ఆ జంతువు 2,400 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చింది! చూశామన్న వారి మాట నిజమైంది. శాస్త్రజ్ఞుల మాటా అబద్ధం కాలేదు. తూర్పున కాపురమున్న ప్యూమాలు అంతరించాయి. ఇది పడమటి నుంచి వచ్చిన బాటసారి.

ఎందుకలా వచ్చింది? ఈ జాతుల్లో మగపిల్లలు ఎదిగాక తల్లి తిరిగే చోటు వదిలి, సొంత చోటు వెతుక్కుంటూ పోతాయి. పులులూ అంతే. 2022 వేసవిలో మన కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతపు పల్లెల దగ్గర పెద్దపులి తిరిగింది. పాదముద్రలు కనిపించాయి, అటవీశాఖ కెమెరాలలో దాని ఫొటోలూ పడ్డాయి. కాబట్టి "మా ఊళ్ళో పులేమిటి?" అని నవ్వేముందు కాస్త ఆగాలి.

ఆగి ఏం చేయాలి? ముందుగా ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరం నుంచి చూశారో వెంటనే రాసుకోండి. అడుగుజాడలుంటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. కుక్క జాడలో సాధారణంగా గోళ్ళ గుర్తులు పడతాయి. పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి కనుక పడవు. జాడ చెదరకుండా దానిమీద తట్ట బోర్లించి, అటవీశాఖ వారికి కబురు చేయండి. ఇదంతా పెద్దలను వెంటబెట్టుకుని, పగటిపూట చేయవలసిన పని. జంతువును వెతుక్కుంటూ మాత్రం ఎన్నడూ వెళ్ళవద్దు. అది ప్రాణాలతో చెలగాటం.

ఆనాడు నేను ఆ కుర్రాడిని అడగవలసినవి ఈ ప్రశ్నలే. "తోక ఎంత పొడవుందిరా? ఒంటిమీద మచ్చలున్నాయా? జాడలు పడ్డాయా?" అని అడిగి, వాడి వెంట ఆ గట్టు దాకా వెళ్ళి ఉంటే, చిరుతో బావురుపిల్లో తేలిపోయేది. ఏది తేలినా తరగతికి అంతకన్న మంచి పాఠం ఉండేది కాదు. నేను వెళ్ళలేదు. ఆ వారంలోనే వాన కురిసి జాడలన్నీ చెరిగిపోయాయి.

రేపు మీ తరగతిలో ఎవరైనా లేచి అలాంటి మాట చెబితే నవ్వకండి. అలాగని నమ్మేయకండి. "పద, చూద్దాం" అనండి. మీ మాస్టారు నవ్వినా సరే, మీరు మాత్రం అడగండి.